ఆవిడ వంటింటి వెనక బావి

అమెరికాలో ఒక రాష్ట్రం ఉంది. కంపెనీలు తోడుకున్నంత తోడుకుని వదిలేసి పోయిన చమురు బావులూ గ్యాసు బావులూ అక్కడ లెక్కలేనన్ని. ఏ బావిని ముందు సిమెంటుతో పూడ్చాలి, దేన్ని తర్వాత పూడ్చాలి అని అక్కడి ప్రభుత్వం ఒక వరస పెట్టుకుంటుంది. ఆ వరసకు కావలసిన కాగితాలన్నీ స్కాన్ అయి, బెంగళూరు మారతహళ్ళిలో ఒక అద్దాల మేడ మూడో అంతస్తుకు వచ్చేవి. వాటిని చదివి కంప్యూటర్లో గళ్ళు నింపే పదకొండు మందిలో నేనొకదాన్ని. ఈ మాట చెబితే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. "బోర్లు కూడా ఎండిపోయిన ఊళ్ళో పుట్టినదానివి, అమెరికా చమురు బావులు నీకెందుకే" అంటారు.

నేను పుట్టింది మదనపల్లె దగ్గర. ఇరవై రెండేళ్ళు ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పాను. నాలుగు గీతల పుస్తకంలో గొలుసుకట్టు రాయించడంలో నాకు పేరుండేది. అక్షరం గీత దాటితే వేళ్ళ మీద స్కేలు పడేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని, అప్పుడు గర్వంగానే ఉండేది. కరోనాలో బడి మూతపడింది. మా ఆయనకు బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని దొరికితే ఇద్దరం బెంగళూరు వచ్చేశాం. యాభై దగ్గరపడ్డ మనిషికి ఉద్యోగం ఎవరిస్తారులే అనుకున్నాను. ఆ గొలుసుకట్టే ఇప్పించింది. ఆ బావుల కాగితాల్లో సగం చేతిరాతవి. మా ఆఫీసులో వాళ్ళకు ఇంగ్లీషు సినిమా కింద అక్షరాలు లేకుండా అర్థమవుతుంది గాని, గొలుసుకట్టు పేజీ ఇస్తే తాతలనాటి దస్తావేజు చూసినట్టు బిక్కమొహం వేస్తారు. అందుకని చేతిరాతలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

పని కష్టమైంది కాదు. ఒక్కో బావికీ ఒక నంబరు. ఎప్పుడు తవ్వారు, ఎప్పుడు వదిలేశారు, పూడ్చారా లేదా, దగ్గర్లో మనుషులున్న ఇళ్ళు ఎన్ని, ఎవరైనా ఫిర్యాదు చేశారా అనేవి గళ్ళు. వాటిని బట్టి బావికి మార్కులు పడతాయి. మార్కులెక్కువ వచ్చిన బావిని ముందు పూడుస్తారు. టీచరును కదా, ఈ పద్ధతి నాకు తొందరగా ఒంటబట్టింది. ఇంటికి మరీ దగ్గరున్న బావి అయితే ఇంకో నియమం కూడా ఉంది. వారం లోపల ఇన్‌స్పెక్టరు మీటరు పట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్ళి గ్యాసు కొలవాలి, అవసరమైతే ఆ ఇంటివాళ్ళను ప్రభుత్వ ఖర్చుతో వేరేచోట ఉంచాలి. ఆ నియమాల పుస్తకం మా అందరిలో మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది నేనొక్కదాన్నే.

ఫిర్యాదుల దగ్గరే తిరకాసు. ఉత్తరంలో బావి నంబరు ఉంటేనే దాన్ని బావికి జత చేయాలి. లేకపోతే 'జత కానివి' అనే మూటలోకి తోసెయ్యాలి. ఆ మూటను ఎవరూ విప్పరు. పల్లెటూళ్ళో ఉండే ముసలివాళ్ళకు తమ పెరట్లో బావికి ప్రభుత్వం నంబరు వేసిందని ఎలా తెలుస్తుంది? ఎక్కువ ఉత్తరాలు ఆ మూటలోకే పోయేవి.

అలా పోవలసిన వాటిలో ఒకావిడ ఉత్తరాలు ఉన్నాయి. గీతల కాగితం మీద నీలం సిరా. నా దగ్గర చదువుకున్న పిల్లలెవరూ అంత బాగా రాయలేదు. నేను మొదట మురిసిపోయింది ఆ రాత చూసే, నిజం చెప్పొద్దూ. తర్వాత సంగతి చదివాను. డెబ్భై దాటిన మనిషి, ఒంటరిది. వంటింటి వెనక ఆమె తండ్రి కాలంలో ఎవరో తవ్వి వదిలేసిన గ్యాసు బావి. నేలమాళిగలో కుళ్ళిన కోడిగుడ్ల వాసన. కొళాయి తిప్పితే నీళ్ళకన్నా ముందు గాలి బుసకొడుతుంది. మంచు పడే రోజుల్లో కూడా కిటికీలు తెరుచుకునే పడుకుంటుంది. ఇల్లు అమ్ముదామంటే వచ్చినవాళ్ళు వాసన చూసి గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతున్నారు. ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి ఆ నేలమాళిగలోనే ఉందట. దాన్ని ఆర్పేస్తే చలికి చస్తాను, వెలిగిస్తే ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు, మీరే చెప్పండి నన్నేం చేయమంటారో, అని రాసింది. ఇది ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ నేను చేరకముందే వచ్చి మూటలోకి పోయాయి.

టీమ్ లీడు దగ్గరికి వెళ్ళాను. గుంటూరు వైపు మనిషి, ముప్ఫై రెండేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. మంచివాడే. మంచివాడు కాబట్టే అతని మీద నాకు ఎక్కువ కోపం వస్తుంటుంది.

"నంబర్ లేదు కదా మేడమ్, అన్‌మ్యాచ్డ్‌లో వేసేయండి."

"ఐదు ఉత్తరాలు రాసింది సర్."

"మేడమ్, మా వీధిలో డ్రైనేజీ కోసం నేను పది కంప్లైంట్లు పెట్టా. మనకే దిక్కులేదు, మీరు అమెరికా వాళ్ళని ఉద్ధరిస్తానంటారు." నవ్వాడు. తర్వాత నా మొహం చూసి తగ్గాడు. "సరే, ప్రాబబుల్ మ్యాచ్ అని ఒక ఆప్షన్ ఉంది. మీకు కాన్ఫిడెన్స్ ఉంటే పెట్టండి. రీజన్ మాత్రం రాయాలి."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ ఐదుసార్లు అడిగింది. నేను పెట్టాలనుకున్నాను.

ఐదో ఉత్తరం వెనక ఆవిడ ఒక బొమ్మ గీసింది. మధ్యలో ఇల్లు, ముందు మెట్లున్న వసారా, వసారా ముందు రోడ్డు. ఇంటి వెనక ఒక గుణకారం గుర్తు, పక్కన 'వంటింటి తలుపు నుంచి అరవై అడుగుల దూరం' అని. ఏ దిక్కు ఎటో గుర్తు పెట్టలేదు. నా దగ్గర ఆవిడ ఇల్లున్న పొలానికి కంపెనీ వాళ్ళు గీసిన పాత పటం ఉంది. అందులో ఇల్లు ఒక డబ్బా గుర్తు, దానికి తూర్పున ఒక బావి, పడమర ఒక బావి, రెండూ చూడడానికి వేలెడు దూరంలోనే, కొలతలు రాయలేదు. రోడ్డు తర్వాతి కాలంలో వేసినట్టుంది, పటంలో లేదు. ఆవిడ చెప్పే బావి ఈ రెండిట్లో ఏదో ఒకటి.

నేను రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. వాకిలి ముందువైపు, బావి వెనకవైపు. కాబట్టి బావి పడమర ఉన్నది. దాని నంబరు వేశాను. నమ్మకం ఎంత అనే గడిలో 'ఎక్కువ' అని పెట్టాను. కారణం గడిలో, బొమ్మకూ పటానికీ సరిపోయింది, అని రాశాను. మిగతా నాలుగు ఉత్తరాలు కూడా మూటలోంచి తీసి అదే బావికి తగిలించాను.

ఇల్లంటే వాకిలి తూర్పుకే ఉంటుందని నేను అనుకున్నట్టు నాకే తెలియదు. అది అనుకోవడం కాదు. మా అమ్మ తూర్పు వాకిలి కడిగి ముగ్గేసింది, నేనూ వేశాను. బెంగళూరులో ఇల్లు వెతికినప్పుడు తూర్పు వాకిలి లేదని మూడు ఇళ్ళు గుమ్మంలోంచే వద్దన్నాను. కాగితం మీద ఇల్లు గీసి ఉంటే నా కంటికి దాని గుమ్మం మీద పొద్దుటి ఎండ పడింది. అది రాయవలసిన కారణమని కూడా తోచలేదు. రాసి ఉంటే అక్కడివాడెవడైనా చదివి నవ్వేవాడు, ఆవిడ బతికేది.

ఐదు ఫిర్యాదుల మార్కులు ఒక్కసారిగా పడేసరికి ఆ పడమటి బావి జాబితాలో పైకి ఎగబాకింది. కొన్ని నెలలకు పూడ్చినట్టు కాగితం వచ్చింది. బావి పూడితే దానికి తగిలించిన ఫిర్యాదులు కూడా వాటంతటవే మూతపడతాయి. ఆ రోజు నేను మైసూర్‌పాకు తెచ్చి ఫ్లోరంతా పంచాను. "చేతిరాత మేడమ్ అమెరికాలో బావి మూయించారు" అని అందరూ ఆటపట్టించారు. ఇరవై రెండేళ్ళ పంతులమ్మ ఉద్యోగంలో నాకు అంత సంతోషం కలిగిన రోజు గుర్తులేదు. మా ఆయనతో రాత్రి అన్నం తింటూ అదే మాట నాలుగుసార్లు చెప్పి విసిగించాను.

నెల తిరక్కుండానే ఆవిడ ఆరో ఉత్తరం వచ్చింది.

మీ మనుషులు వచ్చినందుకు కృతజ్ఞతలు, చాలా మర్యాదస్తులు, అని మొదలుపెట్టింది. కానీ వాళ్ళు పూడ్చింది రోడ్డు అవతలి బావిని, అది నన్నెప్పుడూ ఏమీ అనలేదు. వెనకదాని మాట చెబితే కాగితం చూపించారు, కాగితంలో ఉన్న నంబరు తప్ప ఇంకోదాన్ని ముట్టుకోకూడదట. మీటరు పట్టుకొచ్చిన అబ్బాయిని ఒక్కసారి నేలమాళిగలోకి రమ్మన్నాను, ఆ బావి ఇంటికి దూరం కాబట్టి ఇంట్లో కొలవమని తన కాగితంలో లేదన్నాడు. నేను రోజూ వసారాలో కూర్చుని సూర్యుడు దిగిపోవడం చూస్తాను. వసారా వైపు కాదు, వెనకవైపు చూడండి.

సూర్యుడు దిగిపోవడం, అని చదివి ఆగిపోయాను. పడమటి వాకిలి. అంటే వంటింటి వెనకది తూర్పు బావి.  బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కింద మెట్ల మీద మా ఇంటి ఓనరమ్మ కూర్చుని ఉంది. తాతముత్తాతల నుంచీ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు వాళ్ళు.

"ఏమమ్మా, మొగం అట్ల వాడిపోయుండాది?"

ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. చెప్పాను. ఆమె అంతా విని చెంపలు వేసుకుంది.

"పడమర వాకిలా? అయ్యో శివనే! వెనక గుంత, ముందర పడమర. వాస్తు సరిలేని ఇంట్లో ఒంటిగా ఎట్లుండాదమ్మా ఆయమ్మ? సుమ్నే, ఊరికే బావిని అంటే ఏమొస్తాది? ఆ ఇల్లే మంచిది కాదు."

"వాస్తు ఆమె ఇంట్లో కాదమ్మా చెడింది, నా బుర్రలో" అని అరిచాను. ఆమె బిత్తరపోయింది. పెద్దావిడ మీద అరిచినందుకు మర్నాడు వెళ్ళి క్షమించమన్నాను గాని, ఆ మాట మాత్రం ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

దిద్దడానికి రెండు దారులున్నాయి. మొదటిది, నేనే తప్పు చేశానని నా ఉద్యోగి నంబరుతో 'తప్పు ఫారం' అనేదాన్ని నింపడం. అప్పుడు పాత ఫిర్యాదులు పాత తేదీలతోనే తెరుచుకుని తూర్పు బావికి మారతాయి. అది ఇంటికి అరవై అడుగుల్లో ఉన్న బావి కాబట్టి వారంలో మీటరు ఆవిడ నేలమాళిగలోకి దిగి తీరాలి. రెండో దారి, ఆరో ఉత్తరాన్ని కొత్త ఫిర్యాదుగా ఎక్కించడం. అప్పుడు అది వరసలో అందరికన్నా చివర నిలబడుతుంది. అంతకుముందు వచ్చిన ఫిర్యాదులన్నీ చూశాకే దీన్ని తెరుస్తారు, మీటరు నియమం కూడా అప్పుడే మొదలవుతుంది.

లీడు నన్ను మీటింగు గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు.

"మేడమ్, మన అక్యురసీ ఇప్పటికే బార్డర్‌లో ఉంది. పూడ్చిన బావి రాంగ్ అంటే అది క్రిటికల్ ఎర్రర్. ఒక్కటి పడితే చాలు, ప్రాజెక్ట్ వేరే వెండర్‌కి పోతుంది. పదకొండు మందిమి పని లేకుండా జీతమొచ్చే బెంచ్ మీద కూడా ఉండం, నేరుగా ఇంటికే. కొత్త కంప్లైంట్‌గా పెట్టేయండి, ప్లీజ్."

"బాబూ, అక్కడ మనిషి ఉంది." కోపం వస్తే నాకు సర్ పోయి బాబూ వస్తుంది.

"ఇక్కడా ఉన్నారు మేడమ్."

ఆ నెలలోనే మా ఆయన ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఎత్తేశారు. అది లీడుకు తెలుసు, నేనే చెప్పాను. అతను ఆ మాట ఎత్తలేదు, ఎత్తకుండానే నాకు వినబడింది. అతన్ని తిడుతూ ఈ సంగతి రాయడం నాకు తేలికే. కానీ మౌస్ పట్టుకున్న చెయ్యి నాది. కొత్త ఫిర్యాదు అనే బొత్తాం నొక్కాను.

ఆవిడ చిరునామా నా కళ్ళ ముందే ఉంది. ఫోన్లు లాకరులో పెట్టి లోపలికి వెళతాం, కాగితం కలం తీసుకెళ్ళనివ్వరు. అయినా అంత చిరునామా గుర్తుపెట్టుకోలేనా? బయటికి వచ్చి ఒక ఉత్తరం రాయవచ్చు, అమ్మా, ఆ పొయ్యి వెలిగించకండి, ఎక్కడికైనా వెళ్ళిపోండి, అని. బయటివాళ్ళతో మాట్లాడితే కేసు పెడతామని చేరినరోజు సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకానికి భయపడ్డాను. రోజూ ఉదయం ఆ ఫిర్యాదు వరసలో ఎక్కడుందో చూసేదాన్ని. కదిలేది కాదు. కూడలిలో బస్సు దిగి ఆఫీసుదాకా నడుస్తూ, ఈరోజు ఫారం పెడతాను అనుకునేదాన్ని. సాయంత్రం అదే దారిలో, రేపు, అనుకునేదాన్ని. ఇలా మూడు వారాలు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లో గ్యాసు వాసన వచ్చింది. రెగ్యులేటరు తీసేసి, కిటికీలు తెరిచి, కింద మెట్ల మీద వచ్చి కూర్చున్నాను. ఓనరమ్మ తన ఫోన్లోంచి కన్నడంలో ఎవరినో గదమాయించింది. గంట లోపల ఒకతను స్కూటరు మీద వచ్చి, సిలిండరులో వాషరు మార్చి, సబ్బు నురగ రాసి చూపించి పోయాడు. గంట. పనంతా అయ్యాక కూడా నేను పైకి వెళ్ళలేకపోయాను. పొయ్యి వెలిగించడానికి భయమేసింది. ఆవిడ ఆ భయంతో ఎన్ని చలికాలాలు వెళ్ళదీసిందో అప్పుడు నా ఒంటికి తెలిసింది. ఉత్తరాలు చదివినప్పుడు తెలిసింది ఇది కాదు.

సోమవారం ఎవరికీ చెప్పకుండా తప్పు ఫారం నింపాను. కారణం గడిలో ఉన్నదున్నట్టు రాశాను: ఇంటి వాకిలి తూర్పుకు ఉంటుందనుకున్నాను, ఆ ఇంటి వాకిలి పడమర, పొరపాటు నాది. పంపాక లీడుకు చెప్పాను. అతను తన తెర వైపు తిరిగిపోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

శుక్రవారం వచ్చిన కట్టలో ఆ ఫైలుకు కొత్త కాగితం ఒకటి ఉంది. చేతిరాత కాదు, టైపు చేసినది, నా బల్ల మీదికి రావలసిన పని లేదు. పక్క బల్ల అమ్మాయి నంబరు గుర్తుపట్టి, "మేడమ్, ఇది మీ అమ్మమ్మ ఫైలు కదా" అని నా తెరకు పంపింది. ఇన్‌స్పెక్టరు నివేదిక. ఇల్లు పునాదుల దాకా కాలిపోయింది. ఒకరు మృతి. మంట నేలమాళిగలో మొదలైనట్టు కనబడుతోంది. రికార్డు ప్రకారం ఈ స్థలంలో ఫిర్యాదున్న బావిని ఇదివరకే పూడ్చారు, గ్యాసు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియరాలేదు.

తేదీ నమోదు చెయ్యడం నా పని. చూశాను. నేను కొత్త ఫిర్యాదు బొత్తాం నొక్కిన తర్వాత పన్నెండో రోజు. వారంలో మీటరు వెళ్ళాలన్న నియమం నాకు కంఠతా వచ్చు. ఆ రోజే ఫారం పెట్టి ఉంటే పన్నెండో రోజుకు ఆవిడ ఏ లాడ్జిలోనో వెచ్చగా పడుకుని ఉండేది. "ఫారం పెట్టినా వాళ్ళు టైమ్‌కి వెళ్ళేవాళ్ళని గ్యారంటీ ఏముంది మేడమ్" అని లీడు తర్వాత చాలాసార్లు అన్నాడు. నిజమే కావచ్చు. నా పిరికితనం వల్ల ఒక మనిషి పోయిందని నేను అనుకుంటాను, ఆ మాట నన్ను ఓదార్చడానికి వచ్చే ఎవరికీ మార్చడం చేతకాలేదు.

ఆ మధ్యాహ్నం లీడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. అతని కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. నా తప్పు ఫారం తిరిగి వచ్చిందట. ఫిర్యాదుదారు లేరు కాబట్టి ఫిర్యాదు లేదు, ఫిర్యాదు లేదు కాబట్టి దాన్ని తప్పు బావికి జత చేశారన్న ప్రశ్న రాదు. ఫారం రద్దు.

"అంటే మన మీద ఎర్రర్ పడలేదు మేడమ్" అన్నాడు. సంతోషంగా అనలేదు పాపం.

"నేను చేశానని ఎక్కడా ఉండదా?"

"ఉండదు."

ఆ నివేదిక ఆధారంగా తూర్పు బావి గళ్ళు కొత్తగా నింపాలి. ఆ పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. వద్దు, నేనే చేస్తానన్నాను. ఆవిడ వంటింటి వెనక, అరవై అడుగుల దూరంలో, ఆ బావి ఇంకా నోరు తెరుచుకునే ఉంది. ఫిర్యాదులు అనే గడి ఖాళీగా ఉంది, ఖాళీగానే ఉంచాలి. దగ్గర్లో మనుషులున్న ఇళ్ళు అనే గడిలో ఒకటి ఉంది. దాన్ని తీసేసి సున్నా కొట్టాను. మార్కులు నా కళ్ళ ముందే పడిపోయి, బావి జాబితాలో అట్టడుగుకు పోయింది. ఎవరూ లేనిచోట ప్రమాదం లేదని లెక్క.

సాయంత్రం తనిఖీ చేసేవాళ్ళు ఆ రోజు నేను నింపిన ఫైళ్ళన్నీ తీసి చూశారు. ఒక్క తప్పు కూడా లేదని తేలింది.